బావ ఎడమ పక్క

ఆగస్టు 9

భావి చరిత్రకారుల సౌకర్యార్థం ఈ డైరీ. వాళ్ళు రారని తెలుసు. అయినా మర్యాద మర్యాదే.

ఈ రోజు సీజన్ మొదటి సమావేశం. ఛైర్మన్‌గారు మైకు పట్టుకుని, "ఈ ఏడు మనం పైకి పోతున్నాం" అని ప్రకటించారు. వెనక వరసలోంచి గోడ, "అందరం ఒకేసారా సార్?" అన్నాడు. గోడ అంటే మా కెప్టెన్. డిఫెన్స్ నడుమ నిలబడతాడు. ముఖంలో కూడా గోడకున్నంత భావమే ఉంటుంది.

మాది ఫుట్‌బాల్ రెండో డివిజన్. ఇరవై జట్లు. మే నెలకల్లా పైనున్న రెండూ మొదటి డివిజన్‌కి ఎక్కుతాయి, అడుగునున్న మూడూ మూడో డివిజన్‌కి జారతాయి. నిరుడు మేం పదమూడో స్థానంలో ఉన్నాం. ఉట్టికెక్కలేనమ్మ సంగతి ఛైర్మన్‌గారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

నా హోదా రెండో గోల్‌కీపర్. మొదటి గోల్‌కీపర్ మా బావ, అక్క మొగుడు. కాలేజీ మైదానంలోంచి నన్ను చెవి పట్టుకుని ఈ క్లబ్బుకి తెచ్చింది ఆయనే. ఉంటున్నదీ వాళ్ళింట్లోనే, మేడ మీది గదిలో. ఇంట్లో ఆయన తర్వాత నా స్నానం, క్లబ్బులో ఆయన తర్వాత నా ఆట. స్నానం రోజూ దొరుకుతోంది. ఆట నాలుగేళ్లుగా దొరకలేదు.

నాకు పర్వాలేదు. బెంచి మెత్తగానే ఉంటుంది.

ఆగస్టు 17

1–0. గెలిచాం.

అక్క నడిపే లాండ్రీకి వచ్చే ఒకావిడ, "మీ తమ్ముడు క్లబ్బులో ఏం చేస్తాడమ్మా" అని అడిగిందట. "మా ఆయనకి బంతులు అందిస్తాడు" అందట అక్క. ఇంతకన్నా చక్కగా నా జీవితచరిత్రను ఎవరూ రాయలేరు.

నిజానికి అందించడం కాదు, కొట్టడం. మ్యాచ్‌కి ముందు బావ గోల్ దగ్గర నిలబడతాడు, నేను ఎదురుగా నిలబడి బంతి మీద బంతి కొడతాను. పక్కన గ్లౌజుల మాస్టారు. అంటే గోల్‌కీపర్ల కోచ్. ఆయన శాస్త్రం ఒక్కటే: "వార్మప్ పరీక్ష కాదయ్యా. దువ్వడం. గుర్రాన్ని దువ్వినట్టు దువ్వి పంపించాలి." అందుకని ఆఖరి బంతి ఎప్పుడూ మొదటి గోల్‌కీపర్ చేతుల్లోనే పడాలి. గోల్ తిన్న చేతులతో మనిషి మ్యాచ్‌లోకి పోకూడదు. కాబట్టి బీకామ్ ఫస్ట్ క్లాసులో పాసైన నేను వారానికోసారి ఎంతో శ్రద్ధగా ఓడిపోతాను. జట్టులో డిగ్రీ ఉన్నవాడిని నేనొక్కడినే. అందుకే నన్నందరూ డిగ్రీ అంటారు, గౌరవంతో కాదు.

బావకి ముప్పై ఆరు. ఈ సీజన్ అంతా ఆడి, జట్టు కిందికి జారకుండా ఉంటే ఇంకో రెండేళ్లు ఉంచుకుంటామని క్లబ్బు మాటిచ్చింది. ఆ తర్వాత గ్లౌజుల మాస్టారి పని. మాస్టారు కూడా దిగిపోయే వయసులోనే ఉన్నారు. అంతా వరసలో ఉంది. నేనూ వరసలో ఉన్నాను.

సెప్టెంబర్ 21

బయటి ఊళ్ళో ఆట. 1–1.

రెండో సగంలో గాల్లోకి లేచిన బంతి కోసం బావ ఎగిరాడు, వాళ్ళ ఫార్వర్డ్ కూడా ఎగిరాడు. వాడి మోచేయి బావ ఎడమ కంటికి తగిలింది. బావ పడ్డాడు. నేను గ్లౌజులు తొడుక్కుని లేచాను. మా ఫిజియో పరుగెత్తుకెళ్లి మొహాన నీళ్లు కొట్టి, "నీ పేరేంటి?" అన్నాడు. బావ సరిగ్గానే చెప్పాడు. కాబట్టి ఆట కొనసాగింది. మా క్లబ్బులో వైద్యశాస్త్రం ఆ స్థాయిలో ఉంది.

గ్లౌజులు విప్పి కూర్చున్నాను.

సెప్టెంబర్ 23

కన్ను వంకాయ రంగులో ఉంది. అక్క ఐస్ ముక్క గుడ్డలో చుట్టి అద్దుతోంది.

"చూపు బాగానే ఉందా?"

"నువ్వు కనిపిస్తున్నావుగా. ఇంకేం కావాలి."

"ఈ మాట పెళ్లైన కొత్తలో అని ఉంటే బాగుండేది" అంది అక్క.

అక్టోబర్ 5

2–2. వాపు పోయింది. పట్టికలో మేం తొమ్మిది.

అక్టోబర్ 19

1–2. రెండు గోల్సూ బావ ఎడమ పక్క నుంచే వచ్చాయి. రెండో దానికైతే బంతి వలలో పడ్డాక దూకాడు. బస్సెక్కాక గోడ నా పక్కన కూలబడి, "ఏంట్రా డిగ్రీ, మీ బావ బస్సు దాటిపోయాక చెయ్యెత్తినట్టు దూకుతున్నాడేంటి" అన్నాడు.

"వయసు" అన్నాను.

"నాకంటే ఒక్క ఏడేరా పెద్ద."

"నువ్వు గోడవి. గోడలకి వయసు తెలియదు."

నవ్వాడు. నవ్విస్తే మాట అక్కడితో ఆగుతుంది. ఇది నేను డిగ్రీలో నేర్చుకోలేదు.

నవంబర్ 3

పొద్దున అక్క బావకి ఎడమ పక్క నుంచి టీ కప్పు చాపింది. బావ పేపరు చూస్తూనే ఉన్నాడు. అక్క "తీసుకోండి" అంది. బావ చెయ్యి చాపితే కప్పుకి తగిలి టీ అంతా పేపరు మీద ఒలికింది. అక్క విసుక్కుంటూ గుడ్డ కోసం వెళ్ళింది. నేను బావ వైపు చూశాను. బావ నా వైపు చూడడానికి తల మొత్తం తిప్పాడు.

తర్వాత మేడ మీద, గ్లౌజులు ఆరేస్తూ అడిగాను.

"ఏంటి బావా?"

"ఏం లేదు. ఎడమ కంట్లో ఓ మూల నల్లగా ఉంటోంది. తెర పక్కకి లాగి కట్టినట్టు. అలసటనుకుంటా."

"డాక్టరుకి చూపించుకో."

"డాక్టరు క్లబ్బు డాక్టరురా. పొద్దున చూపిస్తే సాయంత్రానికి కోచ్ బల్ల మీద ఉంటుంది కాగితం."

"బయట చూపించుకో."

"సీజన్ అయ్యాక." క్లిప్పు పెట్టి నా భుజం మీద చెయ్యేశాడు. "మీ అక్కకి చెప్పకు. మాస్టారికి అసలే వద్దు. నువ్వు చెబితే ఇంకా బాగుండదు, తెలుసుగా. బామ్మర్ది కాచుకుని కూర్చున్నాడంటారు."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. మా ఇంట్లో అందరం బాగా నవ్వుతాం.

నవంబర్ 4

కాచుకుని కూర్చోలేదు. ఊరికే కూర్చున్నాను. రెంటికీ తేడా ఉంది.

నవంబర్ 9

వార్మప్‌లో అన్నీ కుడి పక్కకే కొట్టాను. మధ్యలో రెండు నేరుగా. ఆఖరిది గుండెల మీదికి. ఎడమకి ఒక్కటీ లేదు. మాస్టారు చేతులు రుద్దుకుంటూ, "ఈ రోజు మీ బావ పులి" అన్నారు.

0–2. మేం పన్నెండు.

నవంబర్ 16

నేనొక మహత్తర ఆవిష్కరణ చేశాను. దీనికి ఏ సంస్థా బహుమతి ఇవ్వదు.

మా మైదానంలో మొదటి సగం మేం ఎప్పుడూ గడియారం వైపు గోల్‌నే కాస్తాం. ఆనవాయితీ. అప్పుడు బెంచి బావ ఎడమ పక్కన ఉంటుంది. ఆ పక్క నుంచి ఎవడైనా బంతి తోలుకొస్తే నా ముందు నుంచే పోవాలి. నేను బెంచి చివర నిలబడి "ఎడమ, ఎడమ, వచ్చాడు, కొడుతున్నాడు" అని అరుస్తాను. బావ వింటాడు, కదులుతాడు. చెవితో గోల్ కాసే గోల్‌కీపర్ ప్రపంచంలో మా బావ ఒక్కడే అయ్యుంటాడు.

మొదటి సగం 1–0. మాదే ఆధిక్యం.

రెండో సగంలో వైపులు మారతాయి. బావ ఎడమ పక్క మైదానానికి అవతల అంచయిపోతుంది. అక్కడికి నా గొంతు చేరదు.

1–2.

నవంబర్ 23

బయటి మైదానాల్లో బొమ్మా బొరుసూ ఎలా పడితే అలా. ఈ రోజు రెండో సగంలో బావ ఎడమ పక్క మా బెంచి వైపు పడింది. మొదటి సగంలో మూడు తిన్నాం, రెండో సగంలో ఏమీ తినలేదు. 0–3. మా కోచ్ బుర్ర గోక్కున్నాడు.

డిసెంబర్ 1

కోచ్ ఒక సిద్ధాంతం కనిపెట్టాడు. మా మైదానంలో తిన్న గోల్సన్నీ రెండో సగంలోనే. కాబట్టి గోల్‌కీపర్‌కి దమ్ము చాలడం లేదు. బయటి మ్యాచ్ లెక్కకి రాదు, ఆ రోజు బస్సు ప్రయాణం బడలిక. అందువల్ల రేపటి నుంచి బావ ప్రాక్టీసు అయ్యాక మైదానం చుట్టూ అదనంగా పరుగెత్తాలి.

"నువ్వూ తోడు పరుగెత్తవయ్యా" అన్నారు మాస్టారు నాతో. "పని లేదుగా."

డిసెంబర్ 4

పరుగెడుతున్నాం. నేను బావ ఎడమ పక్కన. బావ రొప్పుతూ, "కంటికి కాళ్లతో వైద్యం చేస్తున్నార్రా" అన్నాడు. ఆగి మరీ నవ్వుకున్నాం ఇద్దరం. కోచ్ దూరం నుంచి, "నవ్వడానికి దమ్ముందిగా, ఇంకో చుట్టు" అని అరిచాడు.

డిసెంబర్ 8

ఫోన్‌లో "కంట్లో నల్ల తెర" అని కొట్టి చూశాను. వెంటనే వెళ్ళాలి, ఆలస్యం చేస్తే చూపు తిరిగి రాదు అని ఉంది. ఫోన్‌లో తలనొప్పి అని కొట్టినా చావే వస్తుంది. మూసేశాను.

డిసెంబర్ 14

1–3.

డిసెంబర్ 21

0–1. పద్నాలుగు.

జనవరి 11

2–2. ఏమీ లేదు రాయడానికి.

జనవరి 18

0–2.

జనవరి 25

పైకి పోవడం అనే మాట ఛైర్మన్‌గారు మానేశారు. ఇప్పుడు "నిలబడాలి" అంటున్నారు. గోడ మాత్రం, "కూర్చోడానికి చోటు దొరికినా చాలు సార్" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మేం పదహారు.

ఫిబ్రవరి 8

బావ ఎడమ వైపు ఇంకాస్త జరిగి నిలబడమని గోడకి చెప్పాను.

"ఎందుకు?"

"అటు నుంచే కొడుతున్నారు కదా."

"అటు నుంచే ఎందుకు కొడుతున్నారు?"

"గాలి."

గోడ చాలాసేపు నా మొహంలోకి చూశాడు. అప్పుడప్పుడూ గోడలకి కూడా ఏదో తెలుస్తున్నట్టుంటుంది. "సరే, జరుగుతా" అన్నాడు. జరిగాడు. 0–0. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి గోల్ తినలేదు. మాస్టారు పరుగుల వల్లేనన్నారు. ఇంకో చుట్టు పెంచారు.

ఫిబ్రవరి 22

గోడ ఎడమకి జరగడంతో కుడి పక్క ఖాళీ అయింది. కుడి నుంచి కొట్టారు. 1–4. తాడు ఈ కొసన ముడేస్తే ఆ కొసన ఊడుతోంది.

నాకు పర్వాలేదు.

మార్చి 2

నాకు పర్వాలేదు అని ముందే రాశాను. సరే.

మార్చి 9

అక్క లాండ్రీ మూసి వచ్చి వంటగదిలో నన్ను పట్టుకుంది. బావ హాల్లో టీవీ ముందు ఉన్నాడు.

"మీ బావకి ఏమైందిరా?"

"గోల్స్ అయ్యాయి."

"నిన్న గ్లాసులో నీళ్లు పోసుకుంటూ బల్ల మీద పోశాడు. మొన్న గుమ్మానికి భుజం కొట్టుకున్నాడు. నన్ను నవ్వించకు. నిజం చెప్పు."

నేను గ్లాసు తీసుకుని, బావ లాగా ఠీవిగా నిలబడి, నీళ్లు గ్లాసు పక్కన పోశాను. "గోల్‌కీపర్ కదక్కా. ఏదీ లోపలికి పోనివ్వడు."

అక్క నవ్వింది. వద్దనుకుంటూనే నవ్వింది. తర్వాత బల్ల తుడిచి, "నువ్వూ ఆయనా ఒకటే" అంది.

మార్చి 30

పద్దెనిమిది. అంటే జారే ముగ్గురిలో ఒకరం.

ఏప్రిల్ 6

తెర సగం దాకా వచ్చిందట. తనే చెప్పాడు. బూటు లేసు కట్టుకుంటూ, వాన గురించి చెప్పినంత మామూలుగా.

"ఇంక చాలు బావా. మాస్టారికి చెప్పేస్తాను."

లేసు ముడి బిగించి తలెత్తాడు. నన్ను చూడడానికి తల మొత్తం తిప్పాడు. ఈసారి నవ్వలేదు.

"చెప్పు. గ్లౌజులు తొడుక్కుని మరీ వెళ్లి చెప్పు."

చెప్పలేదు.

ఏప్రిల్ 7

ఆయన అన్నది తప్పని నిరూపించాలంటే నేను నోరు మూసుకోవాలి. కాబట్టి మూసుకున్నాను. చాలా గొప్పవాణ్ణి.

ఏప్రిల్ 20

1–0. గెలిచాం. ఎలాగో తెలియదు. బంతి గోడ ముక్కుకి తగిలి వాళ్ళ గోల్‌లోకి పోయింది. పదిహేడు.

ఏప్రిల్ 27

1–1. పదిహేడు.

ఇంకొక్క మ్యాచ్. మా మైదానంలో. ఓడిపోకుండా ఉంటే రెండో డివిజన్‌లో నిలబడతాం. ఓడితే జారతాం. వచ్చేది పట్టికలో మూడోవాళ్ళు. గెలిస్తే వాళ్ళు మొదటి డివిజన్‌కి ఎక్కుతారు. ఒకే గుమ్మంలో ఒకరు మెట్లెక్కుతున్నారు, ఒకరు దొర్లుతున్నారు.

మే 3

రేపే. బావ తన బూట్లకి మెరుగు పెడుతున్నాడు. కుడిది తళతళలాడుతోంది. ఎడమ బూటుకి బయటి వైపు మట్టి అలాగే ఉంది. ఆయన లోపలికి వెళ్ళాక తుడిచాను.

మే 4

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున స్టేడియానికి నడిచే వెళ్ళాం. కూడలిలో బావ రోడ్డు మీద అడుగు పెట్టాడు. ఎడమ నుంచి మోటార్ సైకిల్ వస్తోంది. హారన్ కొడుతూనే ఉన్నాడు వాడు. నేను చొక్కా కాలర్ పట్టి వెనక్కి లాగాను. బండి మీదివాడు ఆగి, "కళ్ళు కనబడవా?" అని తిట్టి పోయాడు. బావ కాలర్ సర్దుకుని, "అందరికీ తొందరే" అన్నాడు. నడిచాం. నేను ఎడమ పక్కకి వచ్చాను.

వార్మప్. స్టాండ్స్ నిండుతున్నాయి. మాస్టారు పక్కన నిలబడి విజిల్ తిప్పుకుంటున్నారు. కోచ్ కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆఖరి రోజు కదా.

కుడికి ఒకటి కొట్టాను. పట్టాడు. కుడికి ఇంకొకటి. పట్టాడు.

తర్వాత ఎడమకి కొట్టాను. బావ కదల్లేదు.

గాలి ఉందని రాద్దామనుకున్నాను. గాలి లేదు.

ఎడమకి కొట్టాను. వలలో పడింది. ఎడమకి. వలలో. గట్టిగా కూడా కొట్టలేదు, చిన్నపిల్లాడైనా ఆపే బంతులు. మాస్టారు, "ఏమయ్యా, ఏం చేస్తున్నావు" అన్నారు. ఎడమకి. "ఆఖరిది చేతుల్లో పెట్టవయ్యా, టైమైంది." ఎడమకి కొట్టాను. అది నేల మీద దొర్లుతూ బావ ఎడమ కాలి పక్క నుంచే పోయింది. ఆయన ఇంకా నా వైపే చూస్తున్నాడు, బంతి నా కాలి దగ్గరే ఉందనుకుని.

మాస్టారు విజిల్ తిప్పడం ఆపేశారు. కోచ్ కట్టుకున్న చేతులు విప్పాడు.

బావ వెనక్కి తిరిగి వలలో ఉన్న బంతుల్ని చూశాడు. గ్లౌజులు విప్పుకుంటూ నా దగ్గరికి నడిచి వచ్చాడు. "ఇన్నాళ్లకి సరిగ్గా కొట్టావు" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అయినా బాగుండేది.

ఎందుకు కొట్టానంటే రెండు కారణాలున్నాయి. మోటార్ సైకిల్ సంగతి రాశాను.

వార్మప్‌లో గాయమని రాయించి నా పేరు వేయించారు. ఆడాను. నాలుగేళ్లు ఎదురుచూసిన ఆట గురించి పేజీలు పేజీలు రాస్తాననుకునేవాణ్ణి. గడ్డి తడిగా ఉంది. వాళ్ళ పదో నంబరు ఒకసారి స్తంభానికి కొట్టాడు. ఒకసారి నా మోకాలికి కొట్టాడు, నేను పెట్టిన మోకాలు కాదది, అక్కడ ఉన్న మోకాలు. బావ బెంచి చివర, నా చోట నిలబడి, మొదటి సగమంతా "ఎడమ, ఎడమ" అని అరిచాడు. నాకు రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి. అయినా వింటూనే ఉన్నాను.

0–0. నిలబడ్డాం. వాళ్ళు ఎక్కలేదు, మేం జారలేదు. అంతా ఎక్కడివాళ్ళం అక్కడే.

నన్ను భుజాల మీదికెత్తారు. అంత ఎత్తు నుంచి చూస్తే బెంచి ఖాళీగా ఉంది.

మే 5

కళ్ళ ఆసుపత్రి. అక్క, బావ, నేను.

డాక్టరమ్మ చాలాసేపు లైటు వేసి చూసింది. కంటి వెనక పొర ఊడిపోయిందంది. దెబ్బ తగిలాక ఓ మూల మొదలై, నెమ్మదిగా మొత్తం లేచిందట.

"ఎప్పటి నుంచి ఉంది ఈ తెర?"

బావ నేల చూశాడు. "కొంత కాలంగా."

"మొదట్లో వచ్చి ఉంటే అతికించేవాళ్ళం. చూపు చాలావరకు మిగిలేది. ఇప్పుడు ఆపరేషన్ చేస్తాం, కానీ మాటివ్వలేను" అంది డాక్టరమ్మ.

బావని ఇంకేదో పరీక్షకి తీసుకెళ్ళారు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు. అక్క, నేను.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

ఒక జోకు నోటిదాకా వచ్చింది. ఏం జోకో ఇప్పుడు గుర్తులేదు.

"నవంబర్."

"నవంబర్" అంది అక్క. చీర కొంగు వేలికి చుట్టి విప్పింది. "ఎందుకు చెప్పలేదు?"

"బావ స్థానం కోసం చెప్పాననుకుంటారని."

"ఎవరనుకుంటారు?"

"అందరూ. నువ్వు."

"నేనా." అక్క గొంతు పెంచలేదు. "మార్చిలో నిన్ను అడిగానురా. నువ్వు నవ్వించావు. నేను నవ్వాను."

ఎదురుగా గోడకి అక్షరాల పట్టిక ఉంది. అడుగు వరస దాకా చదివాను. అన్నీ కనిపించాయి.

మే 12

ఆపరేషన్ అయింది.

మే 15

కోచ్ ఫోన్ చేశాడు. మొదటి గోల్‌కీపర్‌గా రెండేళ్లు. నాకు. ఆ రెండేళ్లు బావకి అనుకున్నవి. అవే రెండేళ్లు, పేరు మాత్రం వేరు.

"మాస్టారి పని బావకిస్తారా?" అని అడిగాను.

"చూద్దాం" అన్నాడు. చూద్దాం అనే మాట మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ వాడడం లేదు.

మే 16

బావ కంటికి కట్టుతో బోర్లా పడుకుని ఉన్నాడు. అలాగే పడుకోవాలన్నారు డాక్టర్లు. దిండులోంచి మాట్లాడాడు.

"సంతకం పెట్టావా?"

"లేదు."

"పెట్టు. నువ్వు పెట్టకపోతే ఎవడో ఒకడు పెడతాడు. ఆ ఎవడి మీదో నాకు కోపం రావడం కన్నా నీ మీద రావడం మేలు. దగ్గరగా ఉంటావు, తిట్టడానికి."

"ఇప్పుడు తిట్టు."

"ఇప్పుడు ఓపిక లేదు" అన్నాడు. కాసేపటికి, "మొదట కొట్టిన రెండూ కుడికెందుకు కొట్టావు?" అని అడిగాడు.

"అలవాటు" అన్నాను.

మే 20

సంతకం పెట్టాను. ఛైర్మన్‌గారు చెయ్యి కలిపి, "వచ్చే ఏడు పైకి పోతున్నాం" అన్నారు.

నాకు పర్వాలేదు అని రాయడానికి కలం పెట్టాను. రాయలేదు.

జూన్ 2

ఆసుపత్రి. కట్టు విప్పారు. కన్ను ఎర్రగా ఉంది, తెరిచే ఉంది, బయటికి మామూలు కన్నులాగే ఉంది.

డాక్టరమ్మ బావ కుడి కంటిని అట్టముక్కతో మూసింది. దగ్గరగా వచ్చి ఎడమ కంటి ముందు చెయ్యి పెట్టింది. మూడు వేళ్లు.

"ఎన్ని?"

బావ కదలకుండా కూర్చున్నాడు. గోల్ ముందు నిలబడ్డట్టే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ముందుకు వంగి.

నేను డాక్టరమ్మ వెనకే ఉన్నాను. నాకు తెలియకుండానే నోరు తెరిచాను. చెప్పేసేవాణ్ణి. ఆరు నెలలు చేసిన పని అదే కదా. అక్క నా మణికట్టు పట్టుకుంది. గాజులు నొక్కుకునేంత గట్టిగా. నా వైపు చూడలేదు, బావనే చూస్తోంది.

నోరు మూసుకున్నాను.

"తొందరేం లేదు" అంది డాక్టరమ్మ. "ఎన్ని వేళ్లు?"

బావ తల కొంచెం ఇటు తిప్పాడు, ఏదో మాట వినబడుతుందేమోనని ఆగినట్టు. ఏమీ వినబడలేదు. ముందుకి తిరిగాడు.

"కనిపించడం లేదమ్మా" అన్నాడు.

అక్క చెయ్యి వదల్లేదు.